బొమ్మ వస్తలేదు

ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. కాళ్ల దగ్గర చూసుకోండి, మూత విప్పిన సీపీయూ పెట్టె ఒకటుంది, రేకు అంచు గీరుకుంటుంది. ఇది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. పూర్తి పేరుతో అడిగేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు. పై అంతస్తులో, వరండా చివర, రెండు మంచాలు పట్టేంత జాగాలో ఈ దుకాణం. వైశాఖం ఎండ. పదకొండు కాకముందే గోడలు వేడెక్కాయి. టేబుల్ ఫ్యాను ఒకటి తిరుగుతోంది కానీ దాని ముఖం మనవైపు లేదు, బల్ల మీద పడుకోబెట్టిన ఒక మదర్‌బోర్డు వైపు ఉంది. సాల్డరింగ్ పొగ వాసన, దాని వెనకే ఇరానీ చాయ్ వాసన.

ఇప్పుడే లోపలికి వచ్చిన ఆయన్ను చూడండి. వయసు యాభై దాటింది. చేతుల్లో పాత లుంగీతో కట్టిన మూట. పొద్దున బండికి జనగామ నుంచి వచ్చాడు. అక్కడ చిన్న డీటీపీ దుకాణం, అందుకే మనకు ఈయన ప్రెస్సాయన. పెండ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీలకు అక్షరాలు. ముడి విప్పితే నల్లటి సీపీయూ. అసలు సీపీయూ అంటే లోపలుండే బిళ్లంత ప్రాసెసర్ పేరు, కానీ మన ఊళ్లలో ఆ పేరు పెట్టె మొత్తానికీ స్థిరపడిపోయింది. ఇక దాన్ని మార్చే ప్రయత్నం నేను చేయను.

"రాత్రి మంచిగనే బంద్ చేసిన భాయ్. పొద్దుగాల ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతుంది, లైటు వస్తుంది, బొమ్మ వస్తలేదు."

"ఎవరన్నా ఇప్పిండ్రా అన్నా?"

"లే... ఎవ్వరు ముట్టలే."

ఆ 'లే' తర్వాత ఒక అర క్షణం ఆగాడు, గమనించారా? దుకాణం నడిపే భాయ్ గమనించాడు. ఏమీ అనలేదు. చీటీ మీద 'నో డిస్‌ప్లే' అని రాసి పెట్టెకు అంటించాడు.

ఈ వీధిలో రోగాల పేర్లు క్లుప్తంగా ఉంటాయి. స్విచ్ నొక్కితే ఏమీ కదలకపోతే 'డెడ్'. కంపెనీ బొమ్మ వచ్చి విండోస్ దగ్గర ఆగిపోతే అది 'ఓఎస్' గొడవ, సగం భయం అక్కడే పోతుంది. ఈ రెండింటి మధ్య, ఫ్యాన్లు హోరున తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉండిపోయేదే నో డిస్‌ప్లే. అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది దీని దగ్గరే. నేనూ ఒకసారి ఇలాగే పెట్టెకు కరెంటు అందించే డబ్బా, ఎస్ఎంపీఎస్, కొత్తది కొన్నాను, కొత్త ర్యామ్ కొన్నాను. చివరికి తప్పంతా మానిటర్ తీగదని తేలింది. ఆ ర్యామ్ ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో ఉంది.

అందుకే భాయ్ మొదట చేసే పని చూడండి. తన మానిటర్, తన తీగ, తన పవర్ కార్డు. అవతలివాళ్ల సామాను ఒక్కటీ వాడడు. స్విచ్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ముందువైపు ఆకుపచ్చ దీపం వెలిగింది. మానిటర్ మీద 'నో సిగ్నల్' అని ఒక డబ్బా అటూ ఇటూ తేలి, ఆరిపోయింది.

"చూసినవ్ గదా భాయ్, కరెంట్ మంచిగనే వస్తుంది," అన్నాడు ప్రెస్సాయన.

ఫ్యాను తిరిగితే ఇంట్లో కరెంటు ఉందని అర్థం. మనుషులు లేచారని కాదు. ఆ స్విచ్చుకూ తెర మీది బొమ్మకూ మధ్య ఎంత పని జరగాలో చెబుతాను, భాయ్ స్క్రూలు విప్పేలోపు అయిపోతుంది. ప్లగ్గు గోడలో ఉన్నంతసేపూ, పెట్టె ఆఫ్‌లో ఉన్నా సరే, ఎస్ఎంపీఎస్ నుంచి ఊదారంగు తీగలో 5 వోల్టులు బోర్డుకు వస్తూనే ఉంటాయి. మనం నొక్కే స్విచ్ పెద్ద కరెంటును తాకదు, బోర్డు మీద రెండు చిన్న పిన్నుల్ని కలుపుతుందంతే. అప్పుడు బోర్డు ఆకుపచ్చ తీగను నేలకు, అంటే నల్లతీగకు దించుతుంది. ఎస్ఎంపీఎస్ లేస్తుంది. పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు నిలకడపడ్డాక, సెకనులో పదో వంతు నుంచి సగం లోపు, బూడిదరంగు తీగ మీద 'అంతా బాగుంది' అని సంకేతం వెళ్తుంది. ప్రాసెసర్ అప్పటిదాకా నిద్రే. లేవగానే దానికి తెలిసింది ఒక్క చిరునామా, 4 జీబీ అంచుకు 16 బైట్ల కింద ఉండే చోటు. అక్కడ బయోస్ అనే, పెట్టెను లేపే ప్రోగ్రాం మొదటి ఆదేశం ఉంటుంది. అది చదివి, ర్యామ్‌ను వెతికి, తర్వాత డిస్‌ప్లేను లేపుతుంది. ఈ వరసలో ఎక్కడ ఆగినా మనకు కనిపించేది ఒకే నల్లటి తెర.

స్క్రూలు వచ్చేశాయి. మూత తీయగానే ప్రెస్సాయన తల తిప్పుకున్నాడు. లోపల దూది పరుపు చింపినట్టుంది. డీటీపీ దుకాణాల దుమ్ము వేరే రకం. కాగితం నూగు, దానిలో ప్రింటర్ టోనర్ కలిసి బూడిదరంగు గుడ్డలా అల్లుకుంటుంది. భాయ్ పెట్టెను వరండాలోకి తీసుకుపోయి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలు అడ్డం పెట్టి బ్లోయర్ కొట్టాడు. పక్క దుకాణం కుర్రాడు తిట్టాడు. ఇక్కడది రోజూ ఉండేదే.

తిరిగి బల్ల మీదికి. మల్టీమీటర్ తీశాడు. ఇరవై నాలుగు పిన్నుల ప్లగ్గును బోర్డు నుంచి లాగి, ఆకుపచ్చకూ పక్కనున్న నలుపుకూ మధ్య వంచిన పేపర్ క్లిప్ పెట్టాడు. ఎస్ఎంపీఎస్ ఫ్యాను ఒంటరిగా తిరిగింది. పసుపు 12.08. ఎరుపు 5.04. నారింజ 3.31. అయిదు శాతం అటూ ఇటూ దాకా సహించవచ్చు, అంటే పన్నెండుది 11.4కు దిగకూడదు, 12.6 దాటకూడదు. మళ్లీ బోర్డుకు తగిలించి, బరువు పడ్డాక కూడా చూశాడు. 11.94. బాగానే ఉంది. ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల పసుపు-నలుపు ప్లగ్గు వేరే ఉంటుంది. అది ఊడినా ఫ్యాన్లు ఇలాగే తిరుగుతాయి, బొమ్మ రాదు. దాన్నీ వేలితో కదిపి చూశాడు. గట్టిగానే ఉంది.

ఇక్కడ మీకో మాట. ఈ పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు కానీ ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. మన 230 వోల్టులు లోపల డీసీ అయ్యాక దాదాపు 325 అవుతాయి. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కెపాసిటర్లలో కాసేపు నిలిచే ఉంటాయి.

"ఎస్ఎంపీఎస్ కాదు," అన్నాడు భాయ్.

"అయితే బోర్డా?" ప్రెస్సాయన గొంతులో ధర వినిపించింది.

భాయ్ జవాబు చెప్పకుండా బోర్డును పెట్టెలోంచి బయటికి తీసి, ఒక అట్ట మీద పెట్టాడు. హార్డ్‌డిస్క్ తీగ పీకాడు. డీవీడీ డ్రైవు పీకాడు. ముందువైపు యూఎస్‌బీ తీగలు పీకాడు. బోర్డు, ప్రాసెసర్, ఫ్యాను, ఒక ర్యామ్. ఇంతే మిగిలింది. ఇక్కడే మనకూ ఈయనకూ తేడా. రిపేరంటే కొత్తది తగిలించడం అని మన ఊహ. ఈ బల్ల మీద మొదటి గంటంతా తీసేయడమే. ఒక్కో వస్తువు పక్కకు పోయినప్పుడల్లా అనుమానితుల్లో ఒకరు తగ్గుతారు.

బోర్డు మీదికి వంగి చూడండి. 2011లో వచ్చిన హెచ్61 చిప్‌సెట్ రకం. జిల్లాల్లో డీటీపీ దుకాణాల్లో ఈ తరం బోర్డులు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. భాయ్ ముందు కెపాసిటర్ల నెత్తులు చూశాడు. 2000 తర్వాతి కొన్నేళ్ల బోర్డులైతే ఇక్కడే సగం కేసులు తేలిపోయేవి. నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి, నెత్తి పగిలి, గోధుమరంగు రసం కారేది. ఇక్కడివి చదునుగా ఉన్నాయి. డీబగ్ కార్డు సొరుగులోంచి తీసి మళ్లీ లోపల పడేశాడు. 1984 నాటి ఐబీఎం ఏటీ కాలం నుంచి బయోస్ తాను ఏ మెట్టు మీద ఉన్నదీ 80 నంబరు పోర్టుకు రెండంకెల్లో చెప్పుకుంటూ పోతుంది. ఆ కార్డు దాన్ని చదివి చూపిస్తుంది. కానీ అది పాత పీసీఐ స్లాట్‌కు సరిపోయేది, ఈ బోర్డులో ఆ స్లాటే లేదు.

"చెవి ఉంది గదా," అన్నాడు, గోరంత బజర్ ఒకటి రెండు వేళ్లతో పట్టుకుని. చవక క్యాబినెట్లలో స్పీకర్ ఉండదు. బోర్డు మూలనున్న నాలుగు పిన్నుల మీద బజర్ గుచ్చి, స్క్రూడ్రైవర్ మొనతో పవర్ పిన్నుల్ని తాకించాడు. స్విచ్ కూడా అక్కర్లేదు.

బీ...ప్. బీ...ప్. బీ...ప్.

ప్రెస్సాయన ఉలిక్కిపడ్డాడు. "గిదేంది, ఇంటికాడ గిట్ల ఒర్రలే!"

"ఇంటికాడ గూడ ఒర్రింది అన్నా. నోరు లేదు దానికి."

భాయ్ ముఖం తేటపడింది. ఈ కూత వినిపించిందంటే ప్రాసెసర్ బతికే ఉంది, బయోస్ చదువుతోంది, విద్యుత్తు సరిగ్గా అందుతోంది. ఆగిపోయింది ఆ తర్వాతి మెట్టు దగ్గర, ర్యామ్ వెతికేచోట. ర్యామ్ మొత్తం పీకేసి మళ్లీ లేపాడు. అదే కూత. ర్యామ్ ఉన్నా లేనట్టే చూస్తోందన్నమాట.

ర్యామ్ అంచున బంగారు పళ్లు ఉంటాయి. డీడీఆర్3ది అయితే ఒక్కోవైపు 120, మొత్తం 240. భాయ్ పిల్లల రబ్బరు తీసి, అరటిపండు తొక్క మీద మరక తుడిచినంత మెల్లగా తుడిచాడు. రబ్బరు మీద నల్లటి గీతలు పడ్డాయి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ. స్లాట్‌లోకి బ్లోయర్. రెండు చెవులూ 'టక్'మనే దాకా నొక్కాడు. ఈ వీధిలో నో డిస్‌ప్లేల్లో ఎన్నో ఈ రబ్బరుముక్కతోనే ఇంటికి పోతాయి.

బీ...ప్. బీ...ప్.

పోలేదు. సొరుగులోంచి మంచిదని తనకు తెలిసిన ర్యామ్ ఒకటి తీశాడు. దాని మీద మార్కర్‌తో ఒక చుక్క ఉంది. అమ్మడు, ఎవరికీ ఇవ్వడు. పరీక్షకే. పెట్టాడు. అదే కూత. దాన్ని మొదటి స్లాట్‌లోంచి రెండో స్లాట్‌లోకి మార్చాడు.

బీప్. చిన్నది, ఒక్కటే.

మానిటర్ వెలిగింది! నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. తేదీ 2012 జనవరి 1 అట. ఎఫ్1 నొక్కమంటోంది. ప్రెస్సాయన రెండు చేతులూ జోడించాడు. ప్రెస్సాయన సొంత ర్యామ్‌ను కూడా రెండో స్లాట్‌లో పెడితే వచ్చింది.

"అయిపాయె భాయ్! గండ్లనే పెట్టి ఇయ్యి. రెండు గంటల బండికి పోతా. ఎల్లుండి లగ్గం పత్రికలు నాలుగు వందలు ఇయ్యాలె."

మీరైతే ఏం చేస్తారు? నేనైతే బిల్లు రాసేస్తాను. పని నడుస్తోంది, కస్టమరు సంతోషంగా ఉన్నాడు, ఒక స్లాట్ పోతే పోయింది. భాయ్ మాత్రం మొదటి స్లాట్‌ను చూస్తూ కూర్చున్నాడు. చాయ్ వచ్చింది, తాగలేదు.

"స్లాట్ వొట్టిగ పోదన్నా."

సంగతి ఇదీ. ర్యామ్‌ను చూసుకునే మేస్త్రీ ఒకప్పుడు బోర్డు మీద విడిగా, వేరే చిప్‌లో ఉండేవాడు. 2008 నుంచి ఇంటెల్ తన కొత్త తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ మేస్త్రీని ప్రాసెసర్ లోపలికే తీసుకుపోయింది. కాబట్టి స్లాట్ నుంచి బయల్దేరిన గీతలు నేరుగా ప్రాసెసర్ కిందికే పోతాయి. స్లాట్ శుభ్రంగా ఉండి, ర్యామ్ మంచిదై, ఒక్క వైపు మాత్రం చచ్చిపోతే, వెతకాల్సింది ప్రాసెసర్ కింద.

"ప్రాసెసర్ ఎవరన్నా తీసిండ్రా?"

"లేదంటున్న గద భాయ్."

భాయ్ ఫ్యాను కాళ్లు నాలుగూ తిప్పి, మెల్లగా పైకెత్తాడు. ఎత్తిన క్షణం బల్ల దగ్గర మాట ఆగిపోయింది. పదేళ్లు దాటిన పెట్టెలో ప్రాసెసర్ వేడిని పైకి చేరవేసే పేస్ట్ ఎండి సున్నం పెచ్చులా ఉండాలి. ఇక్కడ తడితడిగా, తెల్లగా, పత్రిక నాలుగు మూలలకూ పసుపు పూసినట్టు అంచులు దాటి పూసి ఉంది. వారం కూడా కాలేదు.

భాయ్ ఏమీ అడగలేదు. ఫ్యానును తలకిందులుగా బల్ల మీద పెట్టాడు, ఆ తెలుపు ప్రెస్సాయన వైపు ఉండేలా. నిశ్శబ్దం కొంచెం పొడుగైంది. పక్క దుకాణంలో ఎవరో హార్డ్‌డిస్క్ బేరమాడుతున్నారు.

"మా బామ్మర్ది..." అని మొదలుపెట్టాడు చివరికి.

అసలు కథ అప్పుడు బయటికొచ్చింది. రాత్రి మంచిగా బంద్ చేయడం, పొద్దున బొమ్మ రాకపోవడం, రెండూ నిజమే, మధ్యలోది మింగాడు. నాలుగు రోజుల కిందటిదాకా పెట్టె పది నిమిషాలు నడిచి టపీమని ఆరిపోయేది. కాసేపాగి వేస్తే మళ్లీ నడిచేది. బామ్మర్ది డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్‌లో వీడియో చూశాడు, వేడికి ఆరిపోతోందని సరిగ్గానే పట్టాడు. పేస్ట్ కొనుక్కొచ్చి, ఆ రాత్రి బంద్ చేశాక ఫ్యాను తీసి, ప్రాసెసర్ కూడా తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. అప్పట్నుంచి బొమ్మ లేదు. నాలుగు రోజులు తీగలన్నీ పీకి మూలన పెట్టారు.

"వాన్ని ఏమనకు భాయ్. నాకోసమే చేసిండు పాపం."

"నేనేమంటనన్నా. రోగం కరెక్టుగనే పట్టిండు."

కంప్యూటర్ తన మెట్టు దగ్గర ఆగి, ఆగినచోటే నిలబడుతుంది. అబద్ధం దానికి రాదు. మనుషులం మాత్రం ఒక మెట్టు మింగి చెబుతాం. ఆ మింగిన మెట్టు కోసమే ఇంతసేపూ ఎస్ఎంపీఎస్‌నూ ర్యామ్‌నూ పరీక్షించాల్సి వచ్చింది. మొదటే చెప్పి ఉంటే ఈపాటికి చాయ్ వేడిగా తాగేవాడు.

ఇప్పుడు టేబుల్ ఫ్యాను ఆపేశాడు. చెమట పడుతుంది, ఓర్చుకోండి. ఎస్ఎంపీఎస్ రేకును ఒకసారి చేత్తో తాకాడు, ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు దిగిపోవడానికి. లీవరు ఎత్తి, ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీసి పక్కన పెట్టాడు. కింద సాకెట్. 2004 దాకా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు కింద పిన్నులుండేవి. తర్వాత ఆ పిన్నుల్ని బోర్డు వైపు మార్చారు. ఈ సాకెట్‌లో సరిగ్గా 1155. వెంట్రుక లాంటి బంగారు స్ప్రింగులు, అన్నీ ఒకే వైపు వంగి, గాలికి ఒరిగిన వరిమడిలా. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. భాయ్ ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు నేలబారుగా పట్టాడు. వరసలన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి. ఒక మూల మాత్రం ఒక చుక్క మెరవలేదు. దాని పక్కది మరీ ఎక్కువ మెరిసింది.

చూశారా? ఒకటి వెనక్కి పడుకుంది. ఇంకొకటి దాని మీదికి ఒరిగింది. ప్రాసెసర్‌ను తిన్నగా దించకుండా ఒక మూల ముందు ఆనిస్తే ఇలాగే అవుతుంది.

నుదుటి మీది భూతద్దం కిందికి దించాడు. సన్నటి ట్వీజర్ చాలు అనుకున్నాను. కాదు, కుట్టుసూది తీశాడు. సూది మొనను పడుకున్న పిన్ను కిందికి పోనిచ్చి పైకి లేపలేదు, నెట్టాడు. ఒకేసారి నిలబెడితే విరుగుతుంది. విరిగితే ఇక బోర్డే పోయినట్టు. కొంచెం నెట్టి, సూది తీసి, టార్చి పక్కకు తిప్పి చూడటం. మళ్లీ కొంచెం. ప్రెస్సాయన ఊపిరి బిగబట్టాడు. మీరూ బిగబట్టారు. ఆరుసార్లో ఏడుసార్లో. చివరిసారి టార్చి తిప్పినప్పుడు వరస మొత్తం ఒకేలా మెరిసింది.

భాయ్ వెనక్కి వాలి చల్లారిన చాయ్ ఒక్క గుటకలో తాగేశాడు.

ఇక తర్వాతిదంతా త్వరత్వరగా జరిగిపోయింది. పాత పేస్ట్ ఆల్కహాల్‌తో తుడిచేశాడు. అంచున రెండు గాట్లు సాకెట్ బొడిపెలతో కలిసేలా ప్రాసెసర్‌ను నిలువుగా వదిలాడు, నొక్కలేదు. లీవరు దించాడు. పేస్ట్ నడిమధ్యన కందిగింజంత, అంతే. ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఫ్యాను నాలుగు కాళ్లూ ఒక్కొక్కటి నొక్కాడు. టక్. టక్. టక్. నాలుగోది చప్పుడు చేయలేదు.

తీసి చూపించాడు. ప్లాస్టిక్ కాలి చీలిక ఒకటి విరిగి ఉంది. విరుపు దగ్గర దుమ్ము పేరుకుని నల్లగా ఉంది, అంటే బామ్మర్ది చేసింది కాదు, అంతకు చాలా ముందుదే. పది నిమిషాలకోసారి పెట్టె ఆరిపోవడానికి మూలం ఇది. ఒక కాలు పట్టు వదిలితే ఫ్యాను కింది అల్యూమినియం దిమ్మ ఒక వైపు లేచి, ప్రాసెసర్ వేడి పైకి పోదు. హద్దు దాటగానే అది తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కోసేసుకుంటుంది. బామ్మర్ది రోగాన్ని పట్టాడు, మందు మాత్రం వేరేది వేశాడు. సొరుగులో పాత ఫ్యాన్ల కాళ్ల డబ్బా ఉంది. అందులోంచి ఒకటి. టక్.

మొదటి స్లాట్‌లో ప్రెస్సాయన ర్యామ్. ఒక్క చిన్న బీప్. బొమ్మ. మళ్లీ 2012 జనవరి 1.

బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మీటరుకు 2.3 అంది, 3 ఉండాలి. సీఆర్2032 అని దాని పేరులోనే కొలతలున్నాయి, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. దుకాణంలో ప్లగ్గు ఎప్పుడూ గోడలోనే ఉండేది కాబట్టి ఆ ఊదా తీగ 5 వోల్టులే గడియారాన్ని నడిపించాయి, బ్యాటరీ చచ్చిన సంగతి బయటపడలేదు. నాలుగు రోజులు తీగ పీకేసరికి తేదీ, బయోస్ సెట్టింగులు అన్నీ మరిచిపోయింది. కొత్త బ్యాటరీ వేశాడు, తేదీ సరిచేశాడు, హార్డ్‌డిస్క్ తగిలించాడు.

విండోస్ ఎక్స్‌పీ గుర్తు వచ్చింది. కింద నీలం పట్టీ రెండుసార్లు పరిగెత్తింది. ఆ వెంటనే తెర మొత్తం నీలం. తెల్ల అక్షరాలు, కింద సున్నాల వరస చివర 7బి.

ప్రెస్సాయన కూలబడ్డాడు, మనం లేచి ఇచ్చిన స్టూలు మీదే. "హార్డ్‌డిస్క్ గూడ పాయెనా? అండ్ల పదిహేనేండ్ల పత్రికలున్నయ్ భాయ్."

ఆ భయం చిన్నది కాదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో సెలవు చెప్పింది. పత్రికలు కూర్చే పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా ఈయన వాటినే పట్టుకుని ఉన్నాడంటే మొండితనం కాదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. అను లేని కంప్యూటర్‌లో తెరిస్తే 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఊళ్లో సగం ఇళ్ల పెండ్లిళ్లు, గృహప్రవేశాలు, దశదినకర్మలు ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. పెద్దకొడుకు పత్రికను తెరిచి పేర్లు మార్చి చిన్నకొడుకు పత్రిక చేయడం అక్కడ రివాజు.

"డిస్క్ మంచిగుందన్నా. డిస్క్‌తోని మాట్లాడే భాష మారింది, అంతే."

సెట్టింగులు మరిచిపోయిన బోర్డు, సాటా లైనును తన అలవాటు పద్ధతిలో, ఏహెచ్‌సీఐ అంటారు, దానిలో పెట్టేసుకుంది. ఈ ఎక్స్‌పీని ఎక్కించినప్పుడు పాత ఐడీఈ పద్ధతిలో ఎక్కించారు. దానికి వేరేది రాదు. తాను లేచిన డిస్కే తనకు కనిపించక నీలమైపోతుంది. ఇది తెలియక ఇక్కడ ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు. మీ పెట్టెకు బ్యాటరీ మార్చగానే 7బి వస్తే, ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి. బయోస్‌లోకి పోయి ఆ ఒక్క వరస చూడండి.

భాయ్ డిలీట్ మీట నొక్కుతూ లోపలికి పోయాడు. ఏహెచ్‌సీఐ తీసి ఐడీఈ. ఎఫ్10. పట్టీ పరిగెత్తింది, ఇంకోసారి, ఇంకోసారి. పచ్చటి గుట్ట, నీలాకాశం. ఆ గుట్ట కాలిఫోర్నియాది. దాని మీద వరసగా తెలుగు పేర్ల ఫోల్డర్లు.

ఇప్పుడైనా బిల్లు రాస్తాడనుకున్నాం. రాయలేదు. పది నిమిషాలకు ఆరిపోయే పెట్టెను పది నిమిషాలకే ఇస్తే ఎలా? అరగంట నడవనిచ్చాడు. బయోస్‌లో వేడి చూశాడు, 43 డిగ్రీలు. ఈలోగా, "పెన్‌డ్రైవ్ ఉందా అన్నా?" అని అడిగి, లేదంటే కింది అంతస్తు నుంచి తెప్పించాడు. ప్రెస్సాయన పేజ్‌మేకర్ తెరిచి, ఎల్లుండి పత్రికలో వరుడి తాతగారి పేరు ముందు ఏదో సరిచేశాడు. అక్కడికక్కడే పీడీఎఫ్ చేశాడు. పదిహేనేండ్ల పత్రికలూ పెన్‌డ్రైవ్‌లోకి పోతుంటే ఆకుపచ్చ పట్టీని చూస్తూ కూర్చున్నాడు.

చీటీ మీద 'నో డిస్‌ప్లే' పక్కన భాయ్ మూడు ముక్కలు రాశాడు. కాలు, పిన్ను, బ్యాటరీ. బ్యాటరీకీ పేస్ట్‌కీ పెన్‌డ్రైవ్‌కీ డబ్బు, మజూరి విడిగా. ప్లాస్టిక్ కాలుకు తీసుకోలేదు. సూది పనికి ఎంత అని అడిగితే మజూరిలోనే ఉందన్నాడు.

లుంగీ మళ్లీ ముడిపడింది. మూట భుజానికెత్తుకుంటుంటే ప్రెస్సాయన జేబులో ఫోన్ మోగింది. చూసి, మనకు కొంచెం అవతలికి జరిగి ఎత్తాడు. వరండా ఇరుకు, అంతా వినిపిస్తూనే ఉంది.

"ఆఁ, అయింది. బొమ్మ వచ్చింది. లేదురా, నువ్వు చేసిందాంట్ల ఏం లేదు. బ్యాటరీ పోయిందంట."